ఘనం చుక్కలుగా మిగిలింది, అష్టముఖి మాత్రం గీతలతో వచ్చింది. ఎందుకు?

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎనిమిదో తరగతికి ఆయిలర్ సూత్రం (శీర్షాలు - అంచులు + ముఖాలు = 2) చెప్పాలి. అట్టతో చేసిన ద్వాదశముఖి పిల్లల చేతుల్లో రెండు రోజులకే నలిగిపోయింది. బడి కంప్యూటర్లో సైన్సు మేడమ్ అణువులు చూపించడానికి పెట్టుకున్న జేమాల్ ఉంది. శీర్షాలను పరమాణువులుగా, అంచులను బంధాలుగా చూపిస్తే సరిపోతుంది కదా అని, ముఖాలన్నీ మూలలన్నీ ఒకేలా ఉండే ఐదు ప్లేటో ఘనాలకూ నిరూపకాలు రాసి ఫైళ్లు చేశారు. అష్టముఖి, ద్వాదశముఖి చక్కగా వచ్చాయి. చతుర్ముఖి, ఘనం, వింశతిముఖి మాత్రం ఒక్క గీత కూడా లేకుండా విడివిడి బంతులుగా మిగిలాయి. దగ్గరికి జరిపితే కలుస్తాయేమోనని ఘనాన్ని సగానికి తగ్గిస్తే, లోపలంతా అడ్డదిడ్డంగా గీతలతో నిండిపోయింది. "సాఫ్ట్‌వేర్ పాడైందా, నా లెక్క తప్పా?" అని అడిగారు.

మీ లెక్క నూటికి నూరుపాళ్లు సరైనది. సాఫ్ట్‌వేర్ కూడా దానికి తెలిసిన పని అది బుద్ధిగా చేసింది. గొడవంతా ఒక్కచోటే ఉంది. మీరు ఇచ్చింది రేఖాగణితం, అది చదివింది రసాయనశాస్త్రం.

నేను లెక్కల మాస్టార్ని కాను. కంప్యూటర్లో అణువుల మీద లెక్కలు కట్టుకునే రసాయనంవాణ్ణి. పదిహేనేళ్లుగా రోజూ అణువుల బొమ్మలు చూపే జేమాల్, వీఎండీ, పైమాల్‌లతోనే పని. వాటి చాదస్తాలు కాస్త తెలుసు.

మీరు వాడిన ఎక్స్‌వైజెడ్ ఫైలులో బంధాలనే మాటే ఉండదు. మొదటి వరుసలో పరమాణువుల సంఖ్య, రెండో వరుసలో మనిష్టమొచ్చిన పేరు, ఆ తర్వాత వరుసకొక మూలకం గుర్తు, మూడు నిరూపకాలు. అంతే. మరి గీతలు ఎక్కడి నుంచి వస్తాయంటే, సాఫ్ట్‌వేర్ ఊహించుకుంటుంది. ప్రతి మూలకానికీ సమయోజనీయ వ్యాసార్థమని (బంధం పొడవులో ఆ పరమాణువు వంతు) ఒక అంకె దాని దగ్గర ఉంటుంది. రెండు పరమాణువుల మధ్య దూరం ఆ రెండు వ్యాసార్థాల మొత్తం కంటే, దానికి కలిపే కొద్దిపాటి వెసులుబాటుతో సహా, తక్కువగా ఉంటే పుల్ల గీస్తుంది. ఎక్కువైతే వదిలేస్తుంది. జేమాల్‌లో ఆ వెసులుబాటు 0.45 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). కార్బన్‌కి కార్బన్‌కి మధ్య హద్దు వెర్షన్ని బట్టి కొంచెం మారుతుంది గానీ, ఎలా చూసినా 1.8కి పైన, 2కి కాస్త కింద ఉంటుంది. మీరు రాసిన అంకెలన్నిటినీ అది ఆంగ్‌స్ట్రాములుగానే తీసుకుంటుంది.

ఇప్పుడు మీ ఐదు ఫైళ్లనీ ఈ హద్దు పక్కన పెట్టి చూడండి. ఘనానికి మీరు ధన రుణ 1లు వేశారు. అంచు సరిగ్గా 2. హద్దు దాటింది, గీత లేదు. చతుర్ముఖికి (1, 1, 1), (1, -1, -1), (-1, 1, -1), (-1, -1, 1) తీసుకున్నారు. అంచు 2.828, అది ఇంకా దూరం. వింశతిముఖికి 0, 1, 1.618లను చక్రీయంగా తిప్పారు, అంచు మళ్లీ 2. అష్టముఖికి అక్షాల మీద 1 దూరంలో ఆరు బిందువులు, అంచు 1.414. హద్దు లోపలే ఉంది కాబట్టి పుల్ల పడింది. ఎదురెదురు శీర్షాల దూరం 2 కాబట్టి మధ్యలో గీత పడలేదు. ద్వాదశముఖిలో అంచు 1.236, పంచభుజి కర్ణం 2. అక్కడా అదృష్టమే. అంటే ఆ రెండు బొమ్మలూ మీరు ఎంచుకున్న కొలత దయవల్ల బాగా వచ్చాయి, అంతే.

ఇక సగానికి తగ్గించిన ఘనం సంగతి. అంచు 1 అయింది. ముఖకర్ణం 1.414, ఘనకర్ణం 1.732. ఈ మూడూ హద్దు లోపలే. కాబట్టి ప్రతి శీర్షాన్నీ మిగతా ఏడింటితోనూ కలిపేసింది. ఎనిమిది మంది ఒకరితో ఒకరు కరచాలనం చేసుకుంటే ఎన్ని అని మీరు పిల్లల్ని అడిగే లెక్కే ఇది: 28. అందులో 12 అంచులు, 12 ముఖకర్ణాలు, 4 ఘనకర్ణాలు. నిజం చెప్పొద్దూ, ఆ పాడైన బొమ్మని నేనైతే దాచుకుంటాను. అంచుకీ కర్ణానికీ తేడా చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ దొరకదు.

మందు సులభం. అంచు 1.5 వచ్చేలా గుణించండి. ఘనంలో అంచు తర్వాతి దూరం ముఖకర్ణం, అది అంచుకు 1.414 రెట్లు. అంచు 1.5 అయితే కర్ణం 2.12. అంచు హద్దు లోపల, కర్ణం బయట. అష్టముఖిలోనూ ఇదే నిష్పత్తి. ద్వాదశముఖిలో, వింశతిముఖిలో 1.618 రెట్లు కాబట్టి ఇంకా నిశ్చింత. చతుర్ముఖిలో అసలు కర్ణాలే లేవు. మీ అంకెల్ని ఘనానికీ వింశతిముఖికీ 0.75తో, చతుర్ముఖికి 0.53తో, అష్టముఖికి 1.06తో, ద్వాదశముఖికి 1.2తో గుణిస్తే ఐదూ ఒకే కొలతకు వస్తాయి. ద్వాదశముఖి అంచు 1.48 దగ్గర ఆగుతుంది గానీ కంటికి తేడా తెలియదు. ఘనం ఫైలు ఇలా ఉంటుంది (గుర్తులు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి):

8
ఘనం
సి 0.75 0.75 0.75
సి 0.75 0.75 -0.75
సి 0.75 -0.75 0.75
సి 0.75 -0.75 -0.75
సి -0.75 0.75 0.75
సి -0.75 0.75 -0.75
సి -0.75 -0.75 0.75
సి -0.75 -0.75 -0.75

ఇది తెరిస్తే ఎనిమిది బంతులు, పన్నెండు పుల్లలు. ఆరు ముఖాలు పిల్లలే తిప్పుకుంటూ లెక్కపెడతారు.

అయితే ఈ గుణకారం చిట్కా అన్నిచోట్లా పనిచేయదు. నాకది నలుగురిలో పరువు పోయాక తెలిసింది. పరిశోధన చేసే రోజుల్లో ఒక సెమినార్‌కి పంచభుజ ద్విపిరమిడ్ బొమ్మ కావాల్సి వచ్చింది. అంటే ఒక పంచభుజి, దానికి పైన ఒక శిఖరం, కింద ఒకటి, ముఖాలన్నీ సమబాహు త్రిభుజాలే. ఏడు బిందువులు రాశాను, అంచు 1.5 పెట్టాను, వచ్చిన బొమ్మని చూసీచూడకుండా స్లైడులో అంటించాను. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన, "బాబూ, ఆ నడిమధ్యలో నిలువుగా ఉన్న బంధం ఏమిటి?" అన్నారు. తెర వైపు తిరిగి చూస్తే పై శిఖరం నుంచి కింది శిఖరానికి పుల్ల! ఇంటికొచ్చి లెక్క కడితే తెలిసింది. అంచు 1 అయితే ఆ శిఖరాల మధ్య దూరం 1.0515. అంచు కంటే ఐదు శాతమే ఎక్కువ. అంచుని ఉంచి, దాన్ని మాత్రం తీసేసే కొలతను ఇలాంటి ఊహకు వదిలేయడం గాలిలో దీపమే.

(ఆ 1.0515 వెనక ఒక అందమైన సంగతి ఉంది. ఐదు క్రమ చతుర్ముఖులను ఒకే అంచు చుట్టూ పేరిస్తే పూర్తిగా మూసుకోవు, 7.36 డిగ్రీల సందు మిగులుతుంది. ఆ సందుని బలవంతంగా మూసేస్తేనే ద్విపిరమిడ్ వస్తుంది, అందుకే నడిమి అంచు ఆ కాస్త సాగుతుంది. తొమ్మిదో తరగతిలో చురుకైన పిల్లలుంటే వాళ్లకి వదిలిపెట్టండి.)

అందుకని నా అసలు సలహా: ఊహించే పనే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వకండి. జేమాల్‌లో కన్సోల్ తెరిచి కనెక్ట్ డిలీట్ అని కొడితే ఉన్న పుల్లలన్నీ పోతాయి. తర్వాత కనెక్ట్ అని రాసి రెండు అంకెలు ఇవ్వండి, కనిష్ఠ దూరం, గరిష్ఠ దూరం. ఆ రెంటి మధ్య ఉన్న జంటల్నే కలుపుతుంది. నా ద్విపిరమిడ్‌కి 1.45, 1.55 అనిస్తే శిఖరాల మధ్య దూరం 1.577 కాబట్టి బయటే ఉండిపోతుంది. ఈ పద్ధతి పట్టుబడితే మీ పాత ఫైళ్లను మార్చక్కర్లేదు కూడా. ధన రుణ 1ల ఘనానికి 1.9, 2.1 అని చెప్పండి చాలు, మూలకం ఏదైనా సరే. ఈ ఒక్క ఆదేశం నేర్చుకుంటే జ్యామితికి సంబంధించి జేమాల్‌లో మీకు అడ్డొచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

బంధాలను ఫైలులోనే రాసే పద్ధతులూ ఉన్నాయి. మోల్ ఫైలులో ఏ పరమాణువుకి ఏది జత అని కింద పట్టిక ఉంటుంది. కానీ అక్కడ ఏ అంకె ఎన్నో గడిలో పడాలో లెక్క ఉంది, ఒక్క ఖాళీ అటూ ఇటూ అయితే చదవదు. చేత్తో రాసేవాళ్లకి నేను చెప్పను.

ముఖాలు నింపడం గురించి కూడా అడిగారు. పుల్లల బొమ్మలో ముఖం అనేది కంటికి తోచేదే తప్ప ఉండదు. జేమాల్‌లో దీనికి పాలీహెడ్రా అనే ఆదేశం ఉంది. ఖనిజాల్లో ఒక లోహం చుట్టూ ఆక్సిజన్లు ఎలా చేరాయో చూపించడానికి పెట్టారు దాన్ని. సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటే చతుర్ముఖి, టైటానియం చుట్టూ ఆరుంటే అష్టముఖి అన్నమాట. అందుకే అది ముందు నడిమి పరమాణువు ఏదని అడుగుతుంది. మీ ఘనానికి నడుమ ఏమీ లేదు. కాబట్టి (0, 0, 0) దగ్గర తొమ్మిదో పరమాణువు పెట్టండి, మొదటి వరుసలో 8ని 9 చేయడం మరవకండి. శీర్షాలు దానికి 1.3 దూరంలో ఉంటాయి కాబట్టి వాటంతటవే కలుస్తాయి. ఆపైన పాలీహెడ్రాకి ఆ నడిమిదాన్ని చూపిస్తే చుట్టూ తోలు కప్పినట్టు ముఖాలు మూసేస్తుంది. ద్వాదశముఖిలో మాత్రం నడుమ నుంచి శీర్షానికి 2.08, అందనంత దూరం. అక్కడ ముందు కనెక్ట్‌తో కలపండి. ఆయిలర్ లెక్కకు మాత్రం నడిమి బంతి లేని ఫైలే చూపించండి, లేకపోతే "సార్, తొమ్మిది శీర్షాలు" అంటారు, వాళ్ల తప్పు లేదు.

వీఎండీలో అయితే డ్రా ట్రయాంగిల్ అని మూడు బిందువులిచ్చి ఒక్కో త్రిభుజం గీసుకోవాలి. ఘనానికి 12, ద్వాదశముఖికి 36 త్రిభుజాలు. పరిశోధన పత్రానికి బొమ్మ కావాలంటే సరే, బడికి అంత శ్రమ దేనికి?

జ్యామితి బొమ్మలు గీసే జియోజీబ్రా ఉండగా ఈ తంటా ఎందుకని కింద ఒకరు రాశారు. న్యాయమైన ప్రశ్నే. ఐదు ప్లేటో ఘనాలు తిప్పి చూపించడమే పని అయితే జియోజీబ్రాలో ఒక్కో ఆదేశంతో అయిపోతుంది, నేనూ అదే చెబుతాను. కానీ అణువుల సాఫ్ట్‌వేర్‌లో నాకు నచ్చేది వేరు. పిల్లవాడు నోట్‌ప్యాడ్‌లో నిరూపకాలు తన చేత్తో రాస్తాడు, ఒక గుర్తు తప్పితే ఒక మూల లోపలికి వెళ్లిపోవడం కళ్లారా చూస్తాడు. పైగా బంతులకు రంగులు ఉచితం. మూలకం మారిస్తే రంగు మారుతుంది: కార్బన్ బూడిద, నైట్రోజన్ నీలం, ఆక్సిజన్ ఎరుపు, గంధకం పసుపు.

ఆ రంగులతో ఒక ఆట చెబుతాను. పై ఘనం ఫైలులో మూడు గుర్తుల లబ్ధం ధనాత్మకంగా ఉన్న శీర్షాలు నాలుగు: మొదటిది, నాలుగోది, ఆరోది, ఏడోది. ఆ నాలుగింటికీ కార్బన్ తీసి నైట్రోజన్ పెట్టండి. నీలం బంతులు ఒకదాన్ని విడిచి ఒకటిగా వస్తాయి, ఏ రెండూ ఒకే అంచు మీద ఉండవు. ఇప్పుడు కనెక్ట్‌కి 2.1, 2.15 ఇచ్చి నైట్రోజన్‌కి నైట్రోజన్‌కి మధ్యే గీయమనండి. ఘనం లోపల చతుర్ముఖి ప్రత్యక్షమవుతుంది. ఆరు ముఖాలకి ఆరు కర్ణాలు, అవే చతుర్ముఖి ఆరు అంచులు. ద్వాదశముఖిలోనూ ఇలాగే చేయొచ్చు. మూడు నిరూపకాలూ ధన రుణ 1.2లుగా ఉన్న ఎనిమిదింటిని నీలం చేస్తే ఘనం బయటపడుతుంది. దాని పన్నెండు అంచులు పన్నెండు పంచభుజుల్లో ఒక్కోదాంట్లో ఒక్కోటిగా సర్దుకుంటాయి. పుస్తకంలో దీన్ని ఎన్నిసార్లు చదివినా, మౌస్‌తో తిప్పుతుంటే కలిగే ఆనందం వేరు.

కొలతలు ఇంకో సుఖం. రెండు బంతుల మీద నొక్కితే దూరం, మూడింటి మీద అయితే కోణం, నాలుగింటి మీద అయితే రెండు తలాల మధ్య కోణం. చతుర్ముఖిలో నాలుగు శీర్షాల్నీ వరుసగా నొక్కండి: 70.5 డిగ్రీలు. అష్టముఖిలో ఒక అంచుకి అటూ ఇటూ ఉన్న ముఖాలకు ఇలాగే కొలిస్తే 109.5. ఇప్పుడు చతుర్ముఖి నడుమ ఒక బంతి పెట్టి శీర్షం, నడుమ, శీర్షం నొక్కండి. మళ్లీ 109.5. ఆ అంకె మీ సైన్సు మేడమ్‌కి కంఠోపాఠం, మీథేన్‌లో హైడ్రోజన్ల మధ్య కోణం అదే. 70.5, 109.5 కలిపితే 180 ఎందుకవుతుందో బల్ల మీద గీసి చూపించేది మీరు. ఒక హెచ్చరిక: జేమాల్ మామూలుగా దూరాలను నానోమీటర్లలో చూపిస్తుంది. 1.5 రావాల్సిన చోట 0.15 కనిపిస్తే కంగారు పడొద్దు, కొలతల మెనూలో ఆంగ్‌స్ట్రాములకు మార్చుకోండి.

ఇంకొన్ని చిల్లర తలనొప్పులు. వర్డ్‌లోంచో వాట్సాప్‌లోంచో అంకెలు అతికిస్తే రుణ గుర్తు కాస్తా పొడవాటి గీతగా మారిపోతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు. నోట్‌ప్యాడ్‌లోనే కొట్టండి. భద్రపరిచేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ తగిలించుకోకుండా చూడండి, విండోస్ దాన్ని మనకి కనబడకుండా దాచేస్తుంది. పుల్ల లావు మార్చే వైర్‌ఫ్రేమ్ ఆదేశంలో 0.1 అంటే 0.1 ఆంగ్‌స్ట్రామ్. దశాంశ బిందువు లేకుండా 1 అని రాస్తే ఆంగ్‌స్ట్రాములో 250వ వంతు అనుకుంటుంది, పుల్లలు వెంట్రుకల్లా అయిపోతాయి. అది రాస్‌మాల్ అనే పాత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన అలవాటు. ఘనంలో సమాంతర అంచులు దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నట్టు కనిపిస్తే పర్‌స్పెక్టివ్ డెప్త్ ఆపేయండి, పాఠ్యపుస్తకంలో బొమ్మలాగా వస్తుంది. బడి కంప్యూటర్లో జావా మొరాయిస్తే జేఎస్‌మాల్ వాడండి, అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

చివరగా మీరు రాసిన ఆ ఫుట్‌బాల్ ఆకారం. అరవై శీర్షాలు చేత్తో రాయక్కర్లేదు. బంగారు నిష్పత్తి 1.618ని ఫై అనుకోండి. మూడు గుంపులు: (0, 1, 3 ఫై), (1, 2 + ఫై, 2 ఫై), (ఫై, 2, 2 ఫై + 1). ఒక్కోదానికీ ధన రుణ గుర్తులన్నీ వేసి, మూడు స్థానాల్నీ చక్రంలా తిప్పండి. మొదటి గుంపు నుంచి 12, మిగతా రెంటి నుంచి 24 చొప్పున, మొత్తం 60. తిప్పేటప్పుడు చివరిదాన్ని ముందుకు తేవడమే, ఏ రెంటినీ తారుమారు చేయకూడదు. చేస్తే బొమ్మ చెదిరిపోతుంది. ఎక్సెల్‌లో పది నిమిషాల పని. అంచు 2 వస్తుంది. 0.71తో గుణించండి, 1.42 అవుతుంది. 0.75 అనకుండా 0.71 ఎందుకన్నానంటే, 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ బృందం కనిపెట్టిన సి60 అణువు కొలత దాదాపు అదే. అందులో రెండు ఆరుభుజులు కలిసే అంచు 1.40, ఐదుభుజి అంచు 1.45 ఆంగ్‌స్ట్రాములు. 60 శీర్షాలు, 90 అంచులు, 32 ముఖాలు. ఇక్కడ మీరు గీసింది జ్యామితి బొమ్మా, అణువా అని విడదీయలేం.

అలాంటివి ఇంకా ఉన్నాయి. ఘనం ఆకారంలోని క్యూబేన్‌ని 1964లో షికాగోలో ఈటన్, కోల్ తయారుచేశారు. ద్వాదశముఖి ఆకారంలోని డోడెకాహెడ్రేన్‌ని 1982లో లియో పకెట్ బృందం సాధించింది. తెల్ల భాస్వరం అణువు నాలుగు పరమాణువుల చతుర్ముఖే. ఇంటర్నెట్ ఉంటే లోడ్ ఆదేశంలో డాలర్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా క్యూబేన్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి, అణువు దానంతటదే దిగుతుంది. హైడ్రోజన్లని దాచేసి మీ ఘనం పక్కన పెట్టండి. మూడు శీర్షాల మీద నొక్కి మూల కోణం కొలిపించండి. 90 వస్తుంది. కార్బన్‌కి ఇష్టమైన కోణం మాత్రం ఇందాకటి 109.5. అంత వంచి కట్టిన అణువు ఊరుకుంటుందా అని పిల్లలు అడిగితే, ఆ పీరియడ్ సైన్సు మేడమ్‌కి ఇచ్చేయండి.